మా తుపాకి పుట్టిల్లు

మొన్న ఎన్నికల ముందు, లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలని ఎప్పటిలాగే కబురు వస్తే, మా రెండు గొట్టాల తుపాకిని పాత దుప్పట్లో చుట్టుకొని, ఆటో ఎక్కి, తిరుపతిలో మా పేట స్టేషనుకు వెళ్లాను. అక్కడి ఎస్సై మా చిన్నవాడి ఈడు మనిషి, మర్యాదస్తుడు; కూర్చోమని కుర్చీ వేయించి, తుపాకిని విప్పించి, గొట్టాల అడుగున సెల్‌ఫోను లైటు వేసి చూస్తూ అక్షరం అక్షరం కూడబలుక్కొని, "నాట్ ఫర్ బాల్ అని ఉండాదే సార్, ఏం బాలు? క్రికెట్ బాలా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. వయసు మీద పడ్డాక నవ్వు వస్తే దగ్గు కూడా వెంటే వస్తుంది కదా, కానిస్టేబులు పరుగెత్తి మంచినీళ్లు తెచ్చిపెట్టాడు. పాపం ఆ అబ్బాయికేం తెలుసు, ఆ మూడు ముక్కల ఇంగ్లిషు ఒకప్పుడు మా రెండిళ్ల మధ్య నిప్పు రాజేసిందని!

మా ఊరు పుత్తూరుకీ కార్వేటినగరానికీ నడుమ ఉంటుంది. మామిడితోటలు, వేరుశెనగ చేలు, వాటి వెనకాల అడవి, అడవిలోంచి రాత్రిళ్లు దిగివచ్చే పందులు. ఆ పందులను బెదరగొట్టడానికని మా ఇంట్లో తుపాకి ఉండేది గానీ, అది చేసే పని అంతకంటే చాలా పెద్దది. మా పడసాలలో గోడకు కొట్టిన రెండు కొయ్య గూటాల మీద అది పడుకొని ఉంటే, ఇంటికి ఎవరు వచ్చినా ముందు దాన్ని చూసి తరవాత మమ్మల్ని చూసేవాళ్లు. సీమ తుపాకి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చింది, అనేవారు దాన్ని ఊళ్లో. చేసినవాడి పేరు అరిగిపోయి, చివర "అండ్ సన్స్" అనే మాటొక్కటే మిగిలింది. ఎవరో ఒక తండ్రీ కొడుకులూ కలిసి కూర్చొని చేసిన వస్తువు కాబట్టే ఇంత గట్టిగా ఉందని మా నాయన అనేవాడు. ఆయన అట్లా అన్నప్పుడల్లా నావైపు ఒక చూపు చూసేవాడు, సేద్యం వదిలేసి తిరుపతిలో ఉద్యోగం వెలగబెడుతున్నానని.

ఆ తుపాకి తెచ్చినవాడు మా తాత. ఆయన పేరు బాలప్ప. ఈ కథలో పేరుతో పని పడేది ఆయన ఒక్కడికే గనుక చెప్పక తప్పదు. మా తాత అడవిలో దారి చూపించడానికి ఒక దొర వెంట వెళ్లినప్పుడు, దొర మీదికి చిరుతపులి దూకిందట, మా తాత చేతికర్రతో దాని మూతి మీద ఒక్కటి వాయించాడట, ప్రాణం దక్కిన దొర కళ్ల నీళ్లు పెట్టుకొని తన తుపాకిని అక్కడికక్కడే మా తాత చేతిలో పెట్టాడట. ఇది మా ఇంటి పురాణం. నా చిన్నతనంలో ఆ చిరుత ఒక మోస్తరు కుక్కంత ఉండేది. నేను కాలేజీకి వచ్చేసరికి ఎద్దంత అయింది. మా తాత పోయిన తరవాత అది ఇంకా పెరగడం మానలేదు, మా నాయన దాన్ని బాగా మేపాడు.

పులి సంగతి ఎట్లా ఉన్నా, పేలినప్పుడు ఆ తుపాకి వెనక్కి తన్నే తన్ను మాత్రం అబద్ధం కాదు. ఒకసారి పందుల మీద కాల్చబోయి మా తాత రెండు గొట్టాలూ ఒక్కసారే పేల్చాడట. పందులు క్షేమంగా అడవికి వెళ్లిపోయాయి, మా తాత మాత్రం భుజం ఎముక విరిగి పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వెళ్లాడు. చేయి మెడకు వేలాడేసుకొని తిరుగుతున్నప్పుడు ఎవరైనా ఏమైందని అడిగితే, ఎద్దు పొడిచిందని చెప్పుకునేవాడట. తుపాకిని మాట పడనిచ్చేవాడు కాదన్నమాట!

ఇక అసలు సంగతికి వస్తాను. డెబ్భైల చివర్లో నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఇంగ్లిషు చెప్పేవాణ్ని. కొత్త ఉద్యోగం, కొత్త టెర్లిన్ చొక్కాలు. ఆ ఏడు ఆయుధపూజకు ఊరికి వెళ్లాను. మా ఊళ్లో ఆయుధపూజ అంటే నాగళ్లు, కొడవళ్లు, మోటారు పంపుసెట్టు, అన్నీ కడిగి బొట్లు పెట్టాలి. మా ఇంట్లో వాటన్నిటికీ పెద్ద తుపాకి. గొట్టాలను విడదీసి, కిరసనాయిలు గుడ్డతో నేనే తోమాను. ఎన్నేళ్ల జిడ్డో వదిలిపోయి, ఎడమ గొట్టం అడుగున అంతవరకూ ఎవరమూ చూడని అక్షరాలు బయటపడ్డాయి.

సరిగ్గా అప్పుడే మా చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మా తాత తమ్ముడి కొడుకు ఆయన. రెండిళ్లకీ ఒకటే గోడ, దాని మీదుగా మజ్జిగ, చింతకాయ తొక్కు, కబుర్లు అన్నీ ఇటు అటూ పోతుండేవి. చిన్నాయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇరవై ఏళ్లుగా దస్తావేజులు చదివీ చదివీ, పెండ్లి పత్రికను చేతికిచ్చినా అందులో సరిహద్దులు వెతికే మనిషి. కొత్త కళ్లజోడు సవరించుకొని ఆ అక్షరాలు చదివి, మళ్లీ చదివి, గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఈడ సూడు. నాట్ ఫర్ బాల్. బాల్‌కు చెందదు అని చెక్కుండారు. బాల్ అంటే ఎవురు? మా పెదనాయన బాలప్పే కదా!"

అందరం నవ్వాం. చిన్నాయన నవ్వలేదు. దొరలు మన పేర్లను ఎన్నడు సరిగ్గా రాశారు, తూత్తుకుడిని ట్యుటికోరిన్ చేసినవాళ్లకు బాలప్ప బాల్ అయితే వింతేముంది, అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. తుపాకి దొర ఇచ్చింది కాదనీ, కార్వేటినగరం సంస్థానం నుంచి మా ముత్తాతకు బహుమానంగా వచ్చిందనీ, పెద్దకొడుకు దుడుకు స్వభావం ఎరిగి అతనికి చెందకూడదని ముందే చెక్కించారనీ, అంటే న్యాయంగా అది చిన్నకొడుక్కు, అంటే తన తండ్రికి, రావలసిందనీ కూర్చున్నచోటే ఒక కొత్త పురాణం అల్లేశాడు. చివరికి, మా తాత దాన్ని ఎట్లా తన చేతిలో వేసుకున్నాడో దేవుడికే తెలియాలి అనేశాడు. నిప్పు అంటించింది ఆ మాటే.

మా నాయన నావైపు తిరిగి, ఇంగ్లిషు పంతులివి కదా, నువ్వు చెప్పు అన్నాడు. నేనేం చెప్పను! వ్యాకరణం ప్రకారం చిన్నాయన చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. నా దగ్గరున్న చిన్న డిక్షనరీలో బాల్ అంటే బంతి అనీ, దొరలూ దొరసానులూ కలిసి ఆడే నాట్యం అనీ ఉంది. తుపాకి బంతికి పనికిరాదనీ నాట్యానికి పనికిరాదనీ సీమలో కూర్చొని ఎవరైనా చెక్కుతారా? కిరసనాయిలు గుడ్డ తీసుకొని గొట్టాన్ని మళ్లీ తోమడం మొదలుపెట్టాను. అది చూసి మా నాయన ముఖం మాడిపోయింది.

"మా నాయన దొంగా?" అన్నాడు మెల్లగా. ఎవరినీ ఉద్దేశించి కాదు. పూజ అయితే చేశాం గానీ, ఆ సాయంత్రం ఆయన తుపాకిని గోడ మీద పెట్టకుండా గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు. పడసాలలో ఆ రెండు గూటాలు ఖాళీగా మిగిలాయి. వచ్చినవాళ్లు తుపాకి ఏదని అడిగితే మా నాయన పశువుల కొట్టంలోకి వెళ్లిపోయేవాడు. గోడ మీదుగా మజ్జిగ ఆగిపోయింది. మా అమ్మా పిన్నమ్మా బావి దగ్గర ఎదురుపడితే బిందెల వైపు చూసుకునేవారు. ఊళ్లో ఒకరిద్దరు, తమాషాకే అనుకోండి, మా తాతను "నాట్ ఫర్ బాలప్ప" అనడం మొదలుపెట్టారు. చనిపోయిన మనిషికి పేరు తప్ప ఇంకేం ఉంటుంది? అది పోతుంటే చూస్తూ ఊరుకోవడం మా నాయన వల్ల కాలేదు. మా అవ్వ, అంటే ఆ బాలప్ప పెండ్లాం, అప్పటికింకా బతికే ఉంది. వాకిలి పక్కన కూర్చొని చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటూ ఉండేది. ఆమె మనసు ఎంత నొచ్చుకుందో అని మేమెవరమూ ఆమె దగ్గర ఆ ఊసే ఎత్తేవాళ్లం కాదు.

సంక్రాంతి దాటాక మా నాయన నన్ను పిలిచి, ఆ తుపాకి యాడ పుట్టిందో, యాడ్నించి వచ్చిందో తేల్చుకోవాల్సిందే, పోదాం పద అన్నాడు. మొదట కార్వేటినగరం వెళ్లాం. పాత ప్యాలెస్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు, వాళ్ల పెద్దలు సంస్థానంలో కొలువు చేసినవాళ్లు. తుపాకిని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచేశాడు. రాజులవైతే వెండి పూలు, నగిషీలు ఉంటాయి, ఇది ఒట్టి బోడిది కదప్పా అన్నాడు. మా నాయనకు ఆ మాటతో సగం సంతోషం, సగం కోపం. సంస్థానానిది కాదని తేలినందుకు సంతోషం. తన తుపాకిని బోడిది అన్నందుకు కోపం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పుత్తూరు దాకా ఆ పెద్దాయనను తిడుతూనే ఉన్నాడు.

తరవాత మద్రాసు. కలెక్టరాఫీసులో అడిగి అనుమతి తీసుకొని, లైసెన్సు జేబులో పెట్టుకొని, తుపాకిని ఊడదీసి మా అమ్మ పాత చీరలో పొడుగ్గా చుట్టి, తెల్లవారే బస్సెక్కాం. ఆ మూటను మా నాయన ఒళ్లో అడ్డంగా పెట్టుకొని, రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. కండక్టరు టికెట్టు కొడుతూ ఆ మూటను చూసి, ఎంతో గౌరవంగా, "మేళానికి యాడికి పోతాండారప్పా?" అని అడిగాడు. నాదస్వరం అనుకున్నాడు! మా నాయన ఒక్క క్షణం తడబడి, మద్రాసులో పెండ్లి అన్నాడు. నా జన్మలో ఆయన ఆడగా విన్న అబద్ధం అదొక్కటే. అదైనా సరిగ్గా ఆడాడా, మీతో డోలు వాయించేవాళ్లు ఏరీ అని కండక్టరు అడిగితే, నన్ను చూపించాడు. ఊత్తుకోట దాటేదాకా నేను ఎవరి ముఖమూ చూడలేదు.

మౌంట్ రోడ్డు దగ్గర తుపాకుల కొట్టు. యజమాని పెద్ద వయసువాడు, జరీ అంచు పంచె, నుదుట విభూతి, మద్రాసు తెలుగు బాగా మాట్లాడేవాడు. మా తగాదా అంతా ఓపిగ్గా విన్నాడు. విన్న తరవాత గొట్టాలను వెలుతురుకెత్తి లోపలికి చూసి, గుమాస్తాను పిలిచి అరవంలో ఏదో చెబితే, ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు. మా నాయనకు కోపం వచ్చి లేవబోయాడు. కొట్టు యజమాని ఆయన చేయి పట్టుకొని కూర్చోబెట్టి, ఒక చేతిలో తూటాలో నింపే చిన్న సీసపు రవ్వలు, ఇంకో చేతిలో గోలీకాయంత సీసపు గుండు పెట్టి చూపించాడు. తుపాకుల భాషలో బాల్ అంటే ఈ గుండు. ఎడమ గొట్టం మూతి దగ్గర కొంచెం బిగుతుగా ఉంటుంది, రవ్వలు చెదరకుండా దూరం పోవడానికి. అందులో ఒంటి గుండు వేసి పేలిస్తే గొట్టం పగిలి చేయి పోతుంది. అందుకని చేసినప్పుడే హెచ్చరికగా ఆ మాట కొట్టేవారు, ఇంగ్లండులో ఇట్లా ఎన్ని వేల తుపాకులకు కొట్టారో! అదీ పాత కాలంలో. ఆ ముద్ర మానేసి వందేళ్లు కావస్తోంది అన్నాడు.

మా నాయన వేళ్లు మడుస్తూ లెక్క వేశాడు. ఆయన పెదవులు కదులుతూ ఉండటం నాకింకా కళ్లకు కడుతూనే ఉంది. "అట్లయితే మా నాయన అప్పటికి పుట్టనే లేదు సామీ!" అన్నాడు. ఆ ముసలాయన తల ఊపి, పుట్టనివాడికి పెట్టని ముద్ర అంటగట్టారు మీరు అన్నాడు. ఇట్లాంటివి చేతులు మారి మారి వచ్చి ఉంటాయి, ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో తుపాకి చెప్పదు, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి అని కూడా అన్నాడు గానీ, ఆ మాట చెవికెక్కే స్థితిలో మేం లేము. బయటికి రాగానే మా నాయన రోడ్డు మీదే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నడూ హోటలు గడప తొక్కని మనిషి, ఆ రోజు నన్ను లాక్కెళ్లి మసాలా దోసె తిని, ఇంకోటి చెప్పు అన్నాడు.

ఆదివారంనాడు రెండిళ్లవాళ్లనూ మా పడసాలలో కూర్చోబెట్టారు. చిన్నాయన చివర వచ్చాడు. ముందురోజే కొండకు పోయి మొక్కు తీర్చుకున్నాడట, తల నున్నగా గుండు, దాని మీద చందనం. చాప మీద తుపాకి. నేను కాలేజీలో పాఠం చెప్పినట్టు లేచి నిలబడి, చిన్నాయనా, బాల్ అంటే గుండు అన్నాను. ఆయన చేయి గబుక్కున తల మీదికి పోయింది. నాట్ ఫర్ బాల్ అంటే గుండుకు చెందదు అని, అన్నాను. దేవుడి సాక్షిగా నేను తమాషాకు అనలేదు, తర్జుమా అట్లా వచ్చింది! ముందు నవ్వింది పిన్నమ్మే, చెంగు నోటికడ్డం పెట్టుకొని. ఆమెను చూసి మా అమ్మ. తరవాత ఇంకెవరాపగలరు? చిన్నాయన ఎర్రబడిన ముఖంతో కాసేపు బిగదీసుకొని, "ఓరి నీ ఇంగ్లిషు పాడుగాను, ఎంటికలు పెరిగినాక చెబితే నీ సొమ్మేం పోయుండునురా?" అని తనూ పడి పడి నవ్వాడు.

నవ్వాడు గానీ, గుమాస్తా గుమాస్తాయే. సరే, ఆ రాతకూ మా పెదనాయనకూ సంబంధం లేదు, తుపాకి సంస్థానానిదీ కాదు, ఒప్పుకుంటాను, ఆ మాట అన్నందుకు లెంపలేసుకుంటాను. కానీ అన్నా, ఆ దొర దీన్ని ఎవరికిచ్చినట్టు, పెదనాయనకా, ఆయన నాయనకా, అని మళ్లీ మొదటికొచ్చాడు. మా నాయన గొంతు పెంచాడు. చిరుతపులి మళ్లీ అడవిలోంచి బయల్దేరబోతోంది. అప్పుడు వాకిలి పక్క నుంచి రోలు చప్పుడు ఆగింది.

"ఎవురూ ఈలేదురా," అంది మా అవ్వ. "ఊరికే ఎవురిస్తారు? నా ఆవుని తోలకపోయి తెచ్చుకోనొచ్చినాడు మీ నాయన."

అందరం అటు తిరిగాం. అవ్వ పెద్దగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మాత్రం ఆపకుండా చెప్పింది. "పులీ లేదు, సింతకాయా లేదు. అడివికాడ బంగళాలో దొర ఉన్నాడు. దొరసానికి బిడ్డ పుట్టి పాలు సాల్లేదంట. నా ఎంబడి పుట్టింటినించి వచ్చిన పుంగనూరావు, పొట్టిది, సంటిబిడ్డలకు ఆ పాలు మేలని ఎవురో సెప్పినారంట. నాకొక్క మాటన్నా సెప్పకుండా తోలకపోయినాడు. పొద్దుగూకే యాళకు ఈ ఇనప కట్టె ఎత్తుకోనొచ్చినాడు. దొరకు కొత్తది వచ్చిందంట, పాతది ఈనకిచ్చినాడు." ఆ ఆవు పేరు చెంగి అట. చెంగి కోసం ఎన్నాళ్లో అన్నం సయించలేదట ఆమెకు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా అని మా నాయన అడిగితే, "ఆయప్పకు నలుగుర్లో ఆ పులి మాట సెప్పుకోవాలని ఆశ. సెప్పుకోనీలే అనుకున్న్యా. మీరు మాత్రం, ఊరూరా తిరిగినారే గానీ, నన్నడిగినారా?" అంది.

మా నాయన లేచి, తుపాకిని రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఇది నీదమ్మా, నువ్వు ఎవరికియ్యమంటే వాళ్లకిస్తాను అన్నాడు. అవ్వ దాన్ని పైనుంచి కింది దాకా చూసి, "నాకెందుకురా ఇది? పాలిస్తాదా?" అని, మళ్లీ ఆకూ వక్కా దంచుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే చిన్నాయన తనే స్వయంగా చెంబెడు పాలు తెచ్చి అవ్వ ముందు పెట్టి, చెంగి పంపించింది పెద్దమ్మా అన్నాడు. అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ పాలు మానలేదు. గోడ మీదుగా మజ్జిగ తిరిగి రావడం మొదలైంది. తుపాకి గోడకెక్కింది. మా నాయన మాత్రం ఆ తరవాత పులి కథ చెప్పడం మానేశాడు, ఎవరైనా అడిగితే మా అమ్మ ఆవుకు వచ్చింది అనేవాడు. అదేమిటో, ఆ కథ పులి కథ కంటే బాగా చెప్పేవాడు.

ఎన్నికలయ్యాక తుపాకి తిరిగి నా ఇంటికి వచ్చింది గానీ, ఇప్పుడు వేట లేదు, పందులను కాల్చడానికీ లేదు, తూటా పేలి ఎన్నేళ్లయిందో. మా ఊళ్లో ఆ ఉమ్మడి గోడ కొట్టేసి ఎవరిది వాళ్లు మేడలు కట్టుకున్నారు, ఒక ఇంటి మజ్జిగ ఇంకో ఇంటికి పోయే అవసరం లేదు, అందరి ఇళ్లలోనూ ఫ్రిజ్‌లున్నాయి. నాకు కొదవేమీ లేదు, పింఛను వస్తుంది, మోకాళ్లు పరవాలేదు. ఈ మధ్య చిన్నాయన కొడుక్కి ఫోను చేసి, లైసెన్సు నీ పేరుకు మార్పించుకుంటావా అని అడిగితే, శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగంతో తీరికే లేదన్నా, ఆ రెన్యువళ్లూ స్టేషన్లూ నాతో కాదు, నువ్వే పెట్టుకో అన్నాడు. మావాణ్ని అడిగితే సర్కారుకు ఇచ్చేయ్ నాయనా, ఎందుకొచ్చిన తంటా అన్నాడు. వాళ్లన్నదీ నిజమే, నేను కాదనను. ఇచ్చేయాలనే అనుకుంటున్నాను. అయినా ఒక్కోరోజు సాయంత్రం కాఫీ తాగుతూ కూర్చున్నప్పుడు, ఎవరైనా గేటు తోసుకొని వచ్చి, అది మాది, మాకు చెందాల్సింది అని నా మీద గట్టిగా అరిస్తే బాగుండును అనిపిస్తుంది. లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మరీ పోట్లాడతాను.